అవిసె గింజలు – మన పానీయాలు

(మూడవ సంవత్సరం బి.యస్‌సి. విద్యార్థి)

అవిసె గింజలంటే ఏమిటో మన కళాశాలలో చాలామందికి తెలుసు. కాని అందరికీ తెలిసింది ఒకే వస్తువు కాదు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మిత్రులతో 'అవిసె' అంటే వాళ్ళకు ముందుగా చెట్టు గుర్తుకొస్తుంది. ఆకూ పువ్వూ కూర వండుకునే చెట్టు, తమలపాకు తోటల్లో తీగకు ఆసరాగా పెంచే చెట్టు. వృక్షశాస్త్రంలో దాని పేరు సెస్బేనియా గ్రాండిఫ్లోరా. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. మోకాలెత్తు దాటి కాస్త పెరిగి, పొద్దున నీలం పూలు పూసి, మధ్యాహ్నానికల్లా రేకులు రాల్చేసే సన్నని మొక్క ఒకటుంది. దాని గింజ బల్లపరుపుగా, గోధుమ రంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ గింజ గురించి ఈ వ్యాసం.

ఈ గింజకు పేర్లు చాలా ఉన్నాయి. కొందరు మదనగింజలంటారు. కర్నూలు పడమటి వైపు, కన్నడం కలిసే చోట అగిసెలంటారు. మా వైపు అవిశెలు. మరాఠీ వాళ్ళకు జవస, హిందీ వాళ్ళకు అల్సీ, సంస్కృతంలో అతసి. శ్రీకృష్ణుని మేనిఛాయను స్తోత్రాలలో పోల్చేది ఈ అతసీ పుష్పంతోనే. లిన్నేయస్ 1753లో దీనికి లైనమ్ ఉసిటాటిస్సిమమ్ అని నామకరణం చేశాడు. రెండో మాటకు 'మిక్కిలి ఉపయోగకరమైనది' అని అర్థం. పేరు పెట్టేటప్పుడు ఆయన ఏమీ ఎక్కువ చెప్పలేదనే నా అభిప్రాయం. కాండం నుంచి నార, ఆ నార నుంచి లినెన్ బట్ట, గింజ నుంచి నూనె, నూనె తీయగా మిగిలిన చెక్క గొడ్లకు. ఒక్క మొక్క నుంచి మనిషి ఇంతకంటె ఏం అడుగుతాడు?

మాది సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న నల్లరేగడి పల్లె. వానలు వెనకబట్టినాక నేలలో మిగిలిన పదును మీద యాసంగిలో శనగ, తెల్లజొన్న, కుసుమ వేస్తారు. ఆ సాళ్ళ నడుమ నాలుగు సాళ్ళు అవిశెలు. నీళ్ళు పెట్టేది లేదు, ఎరువు వేసేది లేదు. మా బాపమ్మ ఆ గింజలను పెంక మీద వేయించి, ఎండు మిరపకాయ, ఎల్లిపాయ, ఉప్పు చేర్చి దంచి పొడి చేసేది. జొన్నరొట్టె మీద ఆ పొడి, దాని మీద ఇంత నూనె. నేను పుట్టినప్పటి నుంచి తింటున్న తిండి అది. దాన్ని ఎవరూ ఆరోగ్యం కోసమని తినలేదు, రుచిగా ఉంటుందని తిన్నారు.

ఇప్పుడు కథ మారింది. రెండేళ్ళ నుంచి మా హాస్టల్లో అవిసె నీళ్ళ అలవాటు బయలుదేరింది. పడుకోబోయే ముందు గ్లాసులో రెండు చెంచాల గింజలు నానవేయడం, పొద్దున లేచి ముక్కు మూసుకుని గటగట తాగేయడం. ఎందుకురా అంటే 'ఒమేగా-3 ఉందట, గుండెకు మంచిదట, బరువు తగ్గుతారట' అంటారు. ఈ 'అట' అనే మాట సెల్‌ఫోనులోంచి వచ్చింది. మా పొలంలో శేరు లెక్కన కొలిచిన గింజ ఇక్కడ అందమైన పొట్లంలో, శనగల కంటె ఎన్నో రెట్లు ధరకు దొరుకుతున్నది. అమ్మాయిల హాస్టల్లో అదే గింజను ఉడకబెట్టి జిగురు తీసి జుట్టుకు రాస్తున్నారని కూడా విన్నాను. అది నా సబ్జెక్టు కాదు, దాని జోలికి పోను.

తాగే వాళ్ళకు మాత్రం ఒక మాట చెప్పాలి. గింజను అలాగే మింగితే, అందులో ఉన్న ఒమేగా-3 చాలావరకు మీకు అందదు.

ఎందుకో చెప్పాలంటే గింజను కోసి చూడాలి. మా ప్రయోగశాలలో బ్లేడుతో సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అన్నిటికంటె పైన ఒక వరస కణాలున్నాయి. వాటి నిండా ఎండిన జిగురు ఉంటుంది. నీరు తగలగానే ఆ జిగురు ఉబ్బి, కణపు గోడను పగలగొట్టుకుని బయటికి పొంగుతుంది. స్లైడు మీద ఒక చుక్క నీరు వేసి చూస్తే మన కళ్ళ ముందే జరుగుతుంది. సబ్జా గింజ కూడా ఇలాగే ఉబ్బుతుంది గాని, సబ్జా జిగురు గింజను అంటిపెట్టుకుని గుండ్రని ముత్యంలా నిలుస్తుంది. అవిసె జిగురు గింజను వదిలి నీళ్ళలో కలిసిపోతుంది, నీళ్ళనే చిక్కబరుస్తుంది. బెండకాయ ముక్కలు నీళ్ళలో వేసినట్టన్నమాట. మొక్కకు దీనివల్ల లాభం ఏమిటంటే, విత్తనం మట్టిని అంటుకుని పదును పట్టి ఉంచుకుంటుంది. మా నల్లరేగడిలో వాన లేకుండా మొలవడానికి ఈ జిగురు కొంత సాయమే.

ఆ జిగురు పొర కింద గట్టి తొక్క. తొక్క లోపల పప్పు, పప్పులో నూనె. ఈ గట్టి తొక్క మన పళ్ళ కింద అంత సులభంగా నలగదు, జీర్ణరసాలకు లొంగదు. నమలకుండా మింగిన గింజ ఎలా పోయిందో అలాగే బయటికి వస్తుంది. మొక్క దృష్టిలో అదే మంచిది, విత్తనం బతికి మరో చోట పడుతుంది. మన దృష్టిలో మాత్రం డబ్బు దండుగ.

కాబట్టి అవిసె పానీయాలు నిజానికి రెండు రకాలు. ఒకటి జిగురు నీళ్ళు, రెండోది పొడి కలిపిన పానీయం. రెండిటికీ ఒకటే పేరు పెట్టి ఒకటే ఫలితం ఆశించడం వల్లనే గందరగోళమంతా వస్తున్నది. జిగురు నీళ్ళలో నీటిలో కరిగే పీచు ఉంటుంది, నూనె గింజలోనే ఉండిపోతుంది. పొడిలో పీచు, నూనె, మాంసకృత్తులు అన్నీ ఉంటాయి.

లెక్కలు చూద్దాం. నూరు గ్రాముల అవిసె గింజల్లో నూనె సుమారు 42 గ్రాములు, పీచు 27 గ్రాములు, మాంసకృత్తులు 18 గ్రాములు. శక్తి 530 కేలరీల పైమాటే. బరువు తగ్గాలని దోసిళ్ళతో తినేవాళ్ళు ఈ చివరి అంకె ఒకసారి చూసుకోవాలి. నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఒమేగా-3 అని అందరూ జపించేది దీన్నే. పద్ధెనిమిది కర్బన పరమాణువుల గొలుసు, అందులో మూడు ద్విబంధాలు. తోక వైపు నుంచి లెక్కపెడితే మొదటి ద్విబంధం మూడో కర్బనం దగ్గర వస్తుంది గనక ఒమేగా-3. మన శరీరం ఆమ్లం కొస నుంచి తొమ్మిదో కర్బనం దాటి ద్విబంధం పెట్టలేదు. ఆ పని చేసే ఎంజైము మొక్కలకుంది, మనకు లేదు. అందుకే ఈ ఆమ్లం తిండి ద్వారానే రావాలి.

పెద్దవాళ్ళలో మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు చాలునని అమెరికా పోషకాహార నిపుణులు నిర్ణయించారు. ఒక పెద్ద చెంచా అవిసె పొడి ఏడు గ్రాములు తూగుతుంది. అందులో ఈ ఆమ్లం సుమారు 1.6 గ్రాములు. అంటే ఒక్క పెద్ద చెంచాతో రోజు లెక్క తీరిపోతుంది. మన వంటనూనెలు చూడండి. పల్లీ నూనెలో, పొద్దుతిరుగుడు నూనెలో, పామాయిలులో ఈ ఆమ్లం దాదాపు లేదు. ఆవనూనెలో పదో వంతు దాకా ఉంటుంది, సోయా నూనెలో కొంత ఉంటుంది. తెలుగు ఇళ్ళలో ఆవనూనెతో వంట తక్కువ. ఆకుకూరల్లో స్వల్పంగా దొరుకుతుంది. అందులో గంగవాయిలి కూర కాస్త మెరుగు, నూరు గ్రాములకు 0.3, 0.4 గ్రాముల దాకా ఉంటుంది. మా ఇంట్లో గంగవాయిలి పప్పు, అవిశె పొడి ఒకే విస్తట్లో ఉండేవి. బాపమ్మకు ద్విబంధాల సంగతి తెలియదు, కాని ఆమె వంట లెక్క తప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చేపల్లో దొరికే ఒమేగా-3 ఆమ్లాలు వేరు. వాటి గొలుసు ఇంకా పొడుగు, ద్విబంధాలు ఐదూ ఆరూ ఉంటాయి. మెదడుకు, కంటికి కావలసినవి అవి. మన శరీరం అవిసె ఆమ్లాన్ని వాటిగా మార్చుకోగలదు గాని, చాలా పిసినారితనంగా మార్చుకుంటుంది. నూటికి కొద్ది పాళ్ళే ఐదు ద్విబంధాల ఆమ్లంగా మారుతుంది, ఆరు ద్విబంధాల దాకా వెళ్ళేది అంతకంటె తక్కువ. అవిసె పొడి తింటే చేప తిన్నట్టే అనే ప్రచారం సరికాదు. చేప తినని వాళ్ళకు ఇది ఉన్నంతలో మంచి దారి, అంతే.

ద్విబంధాల గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పానీయం రుచి, నిలవ అంతా వాటి మీదే ఆధారపడి ఉంది. కెమిస్ట్రీ ప్రాక్టికల్సులో నూనెల అయొడిన్ విలువ కట్టడం అందరం చేసిందే. కొబ్బరి నూనెకు పది లోపుగా వస్తుంది. పల్లీ నూనెకు తొంభై అటూ ఇటూ. అవిసె నూనెకు 170 దాటుతుంది. అన్ని ద్విబంధాలున్నాయన్నమాట. ద్విబంధం ఉన్న చోట గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకుంటుంది. అవిసె నూనెను చెక్క మీద రాస్తే కొద్ది రోజుల్లో ఎండి గట్టి పొర కడుతుంది. చిత్రకారుల తైలవర్ణాలు, తలుపుల రంగులు, కొత్త క్రికెట్ బ్యాటుకు రాసే నూనె, అన్నిటికీ ఇదే ఆధారం. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ 1860లలో ఇలా గట్టిపడిన అవిసె నూనెతోనే లినోలియం అనే నేలపరుపు తయారుచేశాడు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆక్సిజన్ చేరేటప్పుడు పుట్టిన వేడికి వాటంతట అవే అంటుకుంటాయి కూడా. వడ్రంగి పనివాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

గుండెకు మంచి చేసే ఆమ్లమూ అదే, రంగుడబ్బాలో ఎండిపోయే ఆమ్లమూ అదే. గింజ పగలనంత కాలం తొక్క లోపల నూనె భద్రం. పొడుం చేసిన క్షణం నుంచి గాలి పని మొదలుపెడుతుంది. కాబట్టి పొడి నెలకు సరిపడా ఒకేసారి కొట్టుకోకూడదు. వారానికి సరిపోయినంత చేసుకుని, మూత బిగువుగా ఉన్న సీసాలో, వెలుతురు తగలని చోట పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఉంటే మరీ మంచిది. పొడి చెడిందీ లేనిదీ తెలుసుకోవడానికి మన ముక్కే పరికరం. మంచి పొడికి వేయించిన పప్పుల వాసన వస్తుంది. చెడిన పొడికి కొత్తగా రంగు వేసిన గది వాసన వస్తుంది, నాలుక మీద చేదు తగులుతుంది. డబ్బు పెట్టి కొన్నాం గదా అని తినవద్దు, పారబొయ్యండి.

వేయించాలా వద్దా అని అడుగుతారు. వేయించాలనే నేనంటాను. అవిసె గింజల్లో లినమారిన్ మొదలైన గ్లైకోసైడులు కొద్దిగా ఉన్నాయి. పచ్చి పొడి నీళ్ళలో కలిస్తే గింజలోని ఎంజైము వాటిని విడగొట్టి కాస్త హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. పేరు విని భయపడనవసరం లేదు. ఒకటి రెండు చెంచాల్లో ఉండే కొద్ది మోతాదును మన కాలేయం గంధకం చేర్చి థయోసయనేటుగా మార్చి బయటికి పంపేస్తుంది. కాని గుప్పెళ్ళతో పచ్చి పొడి మింగడం మంచిది కాదు. సన్నటి సెగ మీద గింజలు చిటపటలాడి కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది, గ్లైకోసైడులు కూడా తగ్గుతాయి. దోర వేపుకు నూనె పెద్దగా చెడదు. మాడిస్తే చెడుతుంది. బాగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జారు వేడెక్కి నూనె ఊరి ముద్ద అయి కూర్చుంటుంది.

ఇంతకీ ఆరోగ్యం సంగతి. చెప్పుకునే గొప్పలు ఒక బండెడున్నాయి. నాకు నమ్మకం కుదిరినవి మూడు. మొదటిది మలబద్ధకం. జిగురు నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది, కరగని పీచు పేగుల్ని కదిలిస్తుంది. దీనికి పెద్ద పరిశోధన అక్కర లేదు, వారం రోజులు తాగితే ఎవరికి వారికే తెలుస్తుంది. రెండోది కొలెస్ట్రాలు. జిగురు పేగులో పైత్యరసపు ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కాలేయం మళ్ళీ కొత్త పైత్యరసం చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాలును వాడుకుంటుంది. 2009లో 28 పరిశోధనలను కలిపి లెక్కగట్టిన ఒక సమీక్షలో గింజలు తిన్నవారికి కొలెస్ట్రాలు కొద్దిగా తగ్గిందని, వట్టి నూనె తాగినవారికి తగ్గలేదని తేలింది. అందుకే గొట్టాల్లో అమ్మే అవిసె నూనె మాత్రల కంటె ఇంట్లో దంచిన పొడికే నా ఓటు.

మూడోది రక్తపుపోటు. కెనడాలోని విన్నిపెగ్‌లో కాళ్ళ ధమనులు పూడుకుపోయిన 110 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజుకు 30 గ్రాముల అవిసె పొడి కలిపిన తినుబండారాలు, రెండో జట్టుకు అవిసె లేనివి, ఆరు నెలల పాటు ఇచ్చారు. 2013లో అచ్చయిన ఫలితం ప్రకారం అవిసె తిన్నవారి పై పోటు రెండో జట్టు కంటె సుమారు 10, కింది పోటు సుమారు 7 పాయింట్లు తక్కువగా ఉంది. ఆహారం వల్ల ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు. కాని దీన్ని జాగ్రత్తగా చదవాలి. ముప్పై గ్రాములంటే నాలుగు పెద్ద చెంచాల పొడి. మనం తాగే ఒక్క చెంచాకు అదే ఫలితం రావాలని లేదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ రోగుల్లో ఎక్కువమంది తమ పోటు మాత్రలు వేసుకుంటూనే అవిసె తిన్నారు. మాత్రలకు బదులుగా కాదు.

ఈ ఒక్క వాక్యం కోసమే నేనీ వ్యాసం రాశానని అనుకున్నా సరే. మా ఊళ్ళో నేను మామా అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. చుట్టరికం లేదు, వరస మాత్రమే. పదేళ్ళ నుంచి పోటు మాత్రలు వాడుతున్నారు. ఎవరో ఫోనులో వీడియో పంపారు. రోజూ అవిసె నీళ్ళు తాగితే మాత్రలతో పని లేదని అందులో ఉంది. ఆయన మాత్రలు మానేశారు. గింజలు నానబెట్టిన నీళ్ళు శ్రద్ధగా తాగారు, అదీ వడకట్టి, గింజలు కోళ్ళకు వేసి. మూడు నెలలకు ఒకనాడు పొద్దున నోరు ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి లేవలేదు. పట్నం ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. ఇప్పుడు చెయ్యి కొంచెం లేస్తున్నది, గడ్డపార పట్టేంత మాత్రం లేదు. సంక్రాంతి సెలవుల్లో చూడబోతే అత్త నన్ను కూర్చోబెట్టి అడిగింది: "అల్లుడా, నువ్వు సైన్సు సదువుతున్నవ్ గద. గీ అవిశెలు మందా, తిండా? నాకు సమజయ్యేటట్టు జెప్పు."

"తిండే అత్తా," అన్నాను. "మంచి తిండి. మందు కాదు."

"గంతేనా? మరి గా ఫోన్ల పిల్లగాడు గట్లెట్ల జెప్పిండు?" అంది ఆమె. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన తాగిన నీళ్ళలో పోటు తగ్గిస్తుందని చూపించిన పదార్థంలో ముఖ్యభాగం లేనే లేదని, అది కోళ్ళకు పోయిందని మాత్రం వివరించి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక చేసుకునే తీరు. వేసవిలో మజ్జిగ అన్నిటికంటె సులువు. పలచని మజ్జిగ ఒక గ్లాసు, ఒక చిన్న చెంచా వేయించిన అవిసె పొడి, ఉప్పు, నలిపిన కరివేపాకు, చిటికెడు జీలకర్ర పొడి, దంచిన అల్లం ముక్క. కలిపి వెంటనే తాగాలి. పది నిమిషాలు ఆగితే జిగురు ఊరి సాగుతుంది, అప్పుడు చాలామందికి నచ్చదు. మొదటి వారం చిన్న చెంచాతో మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డాక పెద్ద చెంచాకు పోవాలి. ఒక్కసారే ఎక్కువ వేసుకుంటే కడుపు ఉబ్బరం, గ్యాసు తప్పదు, హాస్టలు గదిలో తోటివాళ్ళకు కూడా ఇబ్బందే.

జొన్న అంబలిలో, రాగి జావలో అవిసె పొడి బాగా ఇముడుతుంది. దించి, గోరువెచ్చనయ్యాక కలపాలి. వేడి వేడి జావలో పొడి అలాగే చల్లితే ఉండలు కడుతుంది, ముందు కాసిన్ని చన్నీళ్ళలో కలిపి పోసుకుంటే ఉండలు రావు. జావ చిక్కగానే ఉంటుంది గనక జిగురు తెలియదు. మజ్జిగ గిట్టని వాళ్ళకు ఇది మేలు. చలికాలంలో గోరువెచ్చని పాలు, బెల్లం, యాలకుల పొడి, ఒక చెంచా అవిసె పొడి. నువ్వుల పాల రుచికి దగ్గరగా ఉంటుంది. పొడి వేసి పాలు మరిగించవద్దు, బంక తయారవుతుంది.

జిగురు నీళ్ళను నేను తీసిపారేయడం లేదు, వాటి పని వాటికుంది. మూడు గ్లాసుల నీళ్ళలో ఒక పెద్ద చెంచా గింజలు వేసి పది నిమిషాలు మరిగించి, వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే జల్లెడలోంచి దిగదు. దీనికి నిమ్మరసం, బెల్లం, ఇష్టమైతే అతిమధురం ముక్క చేర్చి తాగితే గొంతు గరగరకు హాయిగా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళలో పూర్వం దగ్గుకు ఇదే 'లిన్‌సీడ్ టీ' అని కాచి ఇచ్చేవారు. గొంతు మీద పలచటి పొర పరుచుకుంటుంది, అంతకంటె మహిమ ఏమీ లేదు. మలబద్ధకానికీ పనికొస్తుంది. వడకట్టిన గింజల్లోనే నూనె ఉంది గనక వాటిని పారబోయకుండా చట్నీలో నూరుకోవచ్చు.

ఏ రకంగా తాగినా దాని వెంట మరో గ్లాసు మంచినీళ్ళు తాగాలి. నీరు చాలకపోతే ఇదే జిగురు కడుపులో గట్టి ముద్ద అయి, మందు కాబోయింది రోగం అవుతుంది. పేగుల్లో అడ్డంకులున్నవారు ముట్టకూడదు. మాత్రలు వేసుకునేవారు అవిసె పానీయానికీ మాత్రకూ నడుమ గంటో రెండు గంటలో వ్యవధి ఇవ్వాలి, జిగురులో చిక్కి మందు సరిగా ఒంటికి పట్టదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టాలి. అవిసెలోని లిగ్ననులు పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల ఆడ హార్మోనును పోలిన పదార్థాలుగా మారతాయి గనక ఈ జాగ్రత్త. క్యాన్సరుకు, కీళ్ళనొప్పులకు, కళ్ళకు అని చెప్పేవాటి గురించి రాయడానికి నా చదువు చాలదు, చెప్పేవాళ్ళ చదువు చాలుతుందన్న నమ్మకమూ నాకు లేదు.

చివరిగా పంట సంగతి, ఎందుకంటే నేను ముందు రైతు కొడుకును. 1970ల నాటికి దేశంలో దాదాపు ఇరవై లక్షల హెక్టార్లలో అవిసె వేసేవారు. ఇప్పుడు అందులో ఐదో వంతు కూడా లేదు. ప్రపంచంలో ఎక్కువగా పండించేది రష్యా, కజకిస్తాన్, కెనడాలు. మన పొట్లాల్లోని గింజ అంతా మన నేలదే అన్న పూచీ లేదు. కారణం సులభం. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించే పంటల్లో కుసుమ ఉంది, వలిసె ఉంది, అవిసె లేదు. శనగకు ధర ముందే తెలుస్తుంది, అవిసెకు అంగడిలో షావుకారు చెప్పిందే ధర. దేశం సగటు దిగుబడి ఎకరాకు రెండు క్వింటాళ్ళకు కాస్త పైన. మొగ్గ ఈగ పడితే అదీ దక్కదు. ఇంత తెలిసి ఎవరు వేస్తారు?

అయినా మా నాయిన ఈసారి నా మాట విన్నాడు. అర ఎకరంలో నాలుగు సాళ్ళు శనగ, రెండు సాళ్ళు అవిశెలు వేయాలని అనుకున్నాం. దసరా దాటగానే విత్తితే పూత ముందు వచ్చి మొగ్గ ఈగ నుంచి చాలావరకు తప్పించుకుంటుంది. "అమ్ముడు పోకుంటే ఏం జేస్తవ్‌రా?" అని అడిగాడు నాయిన. హాస్టల్లో మా అంతస్తు మీద పద్ధెనిమిది గదులున్నాయి, ప్రతి గదిలోనూ ఒక పొట్లం ఉంది. పొట్లం ధరలో సగానికి, వేయించి దంచిన పొడి వారం వారం ఇస్తానని ఇప్పటికి పదకొండు గదులతో మాట తీసుకున్నాను. మిగిలిన ఏడు గదుల వాళ్ళు రుచి చూశాక చెప్తామన్నారు.